పథ్యంలో ఆగిపోయిన థైరాయిడ్ మాత్ర

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అనకాపల్లిలో ఒక లివర్ డాక్టరు గారి క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. నా నోటికి పేషెంట్లు జడుస్తారని డాక్టరు గారే నవ్వుతుంటారు.

పాయకరావుపేట వైపు సముద్రపు ఒడ్డు ఊరి నుంచి నూకరత్నం వచ్చేది. చేపలమ్ముతుంది. ఆమెకు హెపటైటిస్ సి, అంటే లివర్‌కు పట్టే ఒక వైరస్, బయటపడింది. మూడు నెలలు మాత్రలు ఆపకుండా వాడాలి. అప్పటికే ఆమెకు హషిమోటో ఉంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద తిరగబడే జబ్బు అది; దానికి రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఈ వైరస్ దాన్ని ఇంకా రెచ్చగొట్టవచ్చు, దీనికి వాడే పాతకాలపు ఇంజెక్షన్లయితే మరీను. అందుకే మధ్యలో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయించమన్నారు డాక్టరు గారు.

రెండో నెలలో ఆమెను అత్త సింహాచలమ్మ పట్టుకుని నడిపించుకొచ్చింది. ముఖం ఉబ్బిపోయింది, గొంతు బొంగురుపోయింది, కూర్చున్న చోటే కునుకు.

"ఈ మాత్రలు మాకొద్దు సిస్టరమ్మా. పిల్ల సచ్చిపోయేలాగుంది," అంది సింహాచలమ్మ.

సగంలో ఆపితే వైరస్ మళ్లీ తలెత్తుతుంది.

టీఎస్‌హెచ్ విపరీతంగా పెరిగి వచ్చింది, అంటే ఒంట్లో థైరాయిడ్ బాగా తగ్గిపోయిందన్నమాట. వైరస్ పనేనేమో, థైరాయిడ్ డోసు పెంచుదామన్నారు డాక్టరు గారు. ఎందుకైనా మంచిదని సింహాచలమ్మని అడిగాను.

"పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర వేసుకుంటోందా?"

"అదెందుకేత్తామమ్మా? కామెర్ల జబ్బుకి పథ్యం కదా! మందు మీద మందు పడకూడదని నేనే మాన్పించేసేను. ఉప్పు, నూనె, సేప, అన్నీ మాన్పించేను."

నాకు ఒళ్లు మండింది. తిట్టబోతుంటే నూకరత్నం మెల్లగా అంది.

"అత్తనేటీ అనకండమ్మా. నాతోపాటు ఆవిడ కూడా సప్పిడి కూడే తింతంది."

పొద్దున్న లేస్తే చేపల గంపలు మోసే ఇంట్లో, ఈ వయసులో, కోడలి కోసం నోరు కట్టుకుంది ఆ మనిషి. నాకు కళ్లు చెమర్చాయి.

"అయితే నేనే దానికి సేటు సేసేనా ఏటి?" అంది సింహాచలమ్మ.

ఆమె చేతులు పట్టుకున్నాను. "లేదమ్మా, వేళకి తీసుకొచ్చావు. ఇక లివర్ మాత్రా ఆపకూడదు, థైరాయిడ్ మాత్రా ఆపకూడదు. చేపలు ఇద్దరూ తినండి."

కోర్సు పూర్తయింది. తర్వాత కొన్నాళ్లకు చేసిన పరీక్షలో వైరస్ కనిపించలేదు, టీఎస్‌హెచ్ కూడా దారికొచ్చింది. ఆ మాట చెబితే సింహాచలమ్మ కోడలి బుగ్గలు నిమిరి, వరండాలో అందరి ముందూ ఏడ్చేసింది.

ఇప్పుడు కొత్త మందు మొదలెట్టిన ప్రతివాళ్లనీ "ఏమేం మానేశారు?" అని కూడా అడుగుతాను. ప్రేమ కొద్దీ మాన్పించినవాటిని ఎవరూ దాచరు. అడిగేవాళ్లు లేక చెప్పరు, అంతే.