అరటికాయ ఉడికించిన నీళ్ళు

మా పిన్ని ఇరవై రెండేళ్ళు ఆస్పత్రి వంటగదిలో పనిచేసింది. ఆమె పోయాక మొహం కంటే వేళ్ళే ఎక్కువ గుర్తొస్తున్నాయి. పచ్చి అరటికాయ జిగురుకి నల్లబడ్డ వేళ్ళు.

తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, గిన్నె నిండా నీళ్ళు పోసి ఉడికించేది. ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో ఇంకో పొంగు రానిచ్చి, అవీ పారబోసేది. అన్ని వార్డులకూ అదే కూర.

ఒకరోజు కొత్తగా వచ్చిన పోషకాహార అధికారి తొట్టి దగ్గర నిలబడింది. చిన్నపిల్ల, బాగా చదువుకుంది.

“పెద్దమ్మా, మీరు పారబోసిందేంటో తెలుసా?”

“నీళ్ళు తల్లీ.”

“పొటాషియం, విటమిన్లు, సగం బలం అందులోనే పోయింది. రోగులకి మిగిలింది పిప్పి.”

“పిప్పయితే మారు అడిగి వేయించుకుంటారా?”

పక్కనున్న వంటమనిషి కిసుక్కున నవ్వింది. పిన్ని కొంప ముంచింది ఆ నవ్వే. తొక్కతోనే ఆవిరి మీద ఉడికించాలంటూ గోడకి పట్టిక వెలిసింది. పట్టికలో తప్పేమీ లేదు, తర్వాత నేనూ చదివి చూశాను. పిన్నిని మాత్రం పొయ్యి దగ్గర్నుంచి తీసేసి గిన్నెలు తోమడానికి వేశారు. జీతం తగ్గలేదు. తగ్గినా అంత బాధపడేది కాదు, పొయ్యి పోయిందనే ఆమె ఏడుపు.

“చెయ్యి ఎలాగూ తిరిగిందిగా, మనింట్లో గిన్నెలు కూడా ఓ పట్టు పట్టవే” అన్నాడు బాబాయి. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

మూడోవారం కిడ్నీ వార్డు డాక్టరు రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని వంటగదిలోకి దిగాడు.

“మా వాళ్ళందరికీ పొటాషియం పెరుగుతోంది. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, గుండెకే ముప్పు. వంటలో ఏం మార్చారు?”

అధికారి ఉత్సాహంగా పట్టిక చూపించింది. ఆయన చివరిదాకా చదివాడు.

“ఇంతకుముందు ఎవరు వండేవాళ్ళు?”

అందరూ గిన్నెల వైపు చూశారు.

“ఏం చేసేదానివమ్మా?”

“పారబోసేదాన్నండీ. రెండుసార్లు.”

“భలే! అలా చేస్తే పొటాషియం పోతుందని ఎవరు చెప్పారు?”

‘అనుభవమండీ’ అనేస్తే సరిపోయేది. పక్క వంటమనిషి మోచేత్తో పొడిచింది కూడా. పిన్నికి ఆ తెలివి లేదు.

“అదేంటో నాకు తెలీదండీ. వగరు పోవాలని. వగరుగా ఉంటే మా అత్తగారు కంచం తోసేసేది.”

అత్తగారిని ఉత్తర్వులో ఎలా రాస్తారు? కిడ్నీ వార్డుకి రెండుసార్లు ఉడికించి నీళ్ళు పారబోయాలని, మిగతావాళ్ళకి ఆవిరేనని రాశారు. పారబోసే పని శిక్షణ పొందినవాళ్ళే చేయాలట. శిక్షణ ఇచ్చేది ఆ అధికారే. పిన్ని మూడు రోజులు మొదటి బెంచీలో కూర్చుని నీళ్ళు ఎలా పారబోయాలో నేర్చుకుంది.

“గిన్నెని ఇలా వంచాలి” అని అధికారి చేసి చూపించబోతే, “గుడ్డ పట్టుకో తల్లీ, కాల్తుంది” అందట.

చివరిరోజు ఇచ్చిన కాగితం నాచేత చదివించుకుంది. ‘పరవాలేదు’ అని ఉంది.

“అంతేనా? సరిగ్గా చూడు.”

“అంతే పిన్నీ. పాసయ్యావుగా, పొయ్యి నీదే.”

“మొదటి బెంచీలో కూర్చున్నానే!” అని మూతి ముడుచుకుంది. మర్నాడు మాత్రం అరగంట ముందే పనికి బయల్దేరింది.