బండి ఆపినందుకు

మా బండ్ల తలుపుల మీద ఇప్పటికీ ఆ పాత ఇంగ్లీషు కుటుంబం పేరే ఉంది. ఎర్ర రంగు మీద బంగారు అక్షరాలు. కంపెనీ అమ్ముడుపోయి ఏళ్లయింది. కొన్నవాళ్లు అన్నీ మార్చారు గానీ ఆ పేరు జోలికి పోలేదు. ఆ పేరు చూసే కదా జనం సరుకు అప్పగిస్తున్నారు! ఆ తలుపు తీసి క్యాబిన్‌లోకి ఎక్కే ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. మా ఆవిడ ఇక్కడే ఆసుపత్రిలో నర్సు. "మండితే మండింది గానీ, ముందు బీపీ మాత్ర వేసుకుని వెళ్లండి" అంటుంది. వేసుకునే వెళతాను. మంట మాత్రం తగ్గదు.

నేను మస్కట్ వచ్చేనాటికి కంపెనీ ఇంకా ఆ కుటుంబం చేతుల్లోనే ఉండేది. ఇంగ్లండులో ఎక్కడో గుర్రబ్బండ్లతో మొదలుపెట్టి, తర్వాత లారీలు కొని, ఆ లారీల్లోనే దేశాలు దాటుకుంటూ గల్ఫ్ దాకా సరుకు తోలి, చివరికి ఒమాన్‌లో ఒక యార్డు పెట్టుకున్నారట. యార్డులో పెత్తనమంతా ఒక ముసలి ఫోర్‌మన్‌ది. ఆయనా ఒకప్పుడు లారీ తోలినవాడే. మేం ఆయన్ని దొర అనేవాళ్లం. ఆయన మమ్మల్ని ఏమనేవాడో ఇక్కడ రాయలేను. ఆయన గొప్పవాడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. తమ దేశం డ్రైవర్లకు విడి గదులిచ్చి, మమ్మల్ని ఒకే రూమ్‌లో మంచాల మీద మంచాలేసి కుక్కిన కంపెనీయే అది. దొర మా చేపల పులుసు వాసనకి ముక్కు మూసుకునేవాడు. చిన్నదానికీ పెద్దదానికీ గొంతు చించుకుని అరిచేవాడు. కానీ బండి దగ్గరికొచ్చేసరికి ఆయనకి దొరా లేదు, కూలీ లేదు. బెల్టు వదులుగా ఉంటే సొంత అల్లుణ్నయినా కిందికి దింపేవాడు.

ఆయన మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. ట్రైలర్ మీద సరుకు ఎక్కించాక దాన్ని బెల్టులతో కట్టాల్సింది ఆ బండి డ్రైవరే. ఇంకొకడు చెయ్యి వేయకూడదు. కట్టి బయల్దేరిన కాసేపటికి, రోడ్డు పక్కన వెడల్పాటి జాగా కనిపించిన మొదటి చోట బండి ఆపాలి. దిగి చుట్టూ తిరగాలి. ఒక్కో బెల్టునీ అరచేత్తో కొట్టి చూడాలి. బిగువుగా ఉన్న బెల్టు మోగుతుంది, వదులైంది మోగదు. ఎంత గట్టిగా కట్టినా మొదటి కుదుపులకి సరుకు తన చోటు తాను వెతుక్కుంటుంది, బెల్టు వదులవుతుంది. అందులో ఎవరి తప్పూ లేదు. రెండోసారి బిగిస్తేనే కట్టినట్టు. దీన్ని మేం ఫస్ట్ స్టాప్ అనేవాళ్లం.

బిగించడం అయ్యాక బండి నీడన కూర్చుని ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకునేవాళ్లం. ఈ చాయ్ దొర నేర్పింది కాదు, మేం కలుపుకున్నది. ఆయన చూసి గొణిగేవాడే గానీ వద్దనలేదు. ఎందుకంటే బెల్టులు చూడకుండా చాయ్ ముట్టుకునేవాడు మాలో లేడు. కొత్తగా వచ్చినవాడెవడైనా దిగీదిగగానే కప్పు తీస్తే, వెనక బండివాడు వచ్చి ఆ కప్పు లాక్కునేవాడు. ఆ వెనక బండివాడు పాకిస్తానీ కావచ్చు, మలయాళీ కావచ్చు. అందరం బిగించాకే తాగేవాళ్లం.

నా వెనక బండి ఎక్కువగా కడప భాయ్‌ది. పేరు రాయను. ఇంట్లో దక్నీ ఉర్దూ మాట్లాడతాడు, నాతో మాత్రం కడప తెలుగు. నాకన్నా చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. నేను కోస్తా క్రైస్తవుణ్ని. స్టీరింగ్ పట్టుకునే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. అతను కిటికీ దగ్గరికొచ్చి, "అన్నా, కండ్లు మూసుకునేదంతా ఇప్పుడే మూసుకో. రోడ్డెక్కినాక తెరిసి పెట్టుకో" అని నవ్వేవాడు. తను మాత్రం ప్రతి బెల్టుకీ బిస్మిల్లా అనుకుంటూ కొట్టేవాడు. అతని చాయ్‌లో చక్కెర తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. తాగలేక తాగేవాణ్ని.

దొర తన దేశం వెళ్లిపోయాడు. కంపెనీ అమ్మేశారు. కొత్తవాళ్లు వచ్చీరాగానే సరుకు కట్టే పని డ్రైవర్ల దగ్గర్నుంచి తీసేసి, బయటి కాంట్రాక్టు కూలీలకి ఇచ్చారు. డ్రైవరు వచ్చేసరికి ట్రైలర్ కట్టి తయారుగా ఉంటుంది. తగిలించుకుని పోవడమే. అలా అయితే రోజుకు ఇంకో ట్రిప్పు పడుతుందట. క్యాబిన్‌లో మన మొహం మీదికి ఒక కెమెరా, ట్రైలర్ వెనక్కి చూసే కెమెరా ఇంకొకటి పెట్టారు. యార్డులో ఒక కంట్రోల్ రూమ్ తెరిచారు. ప్లాన్‌లో లేని చోట బండి ఆగిందంటే అక్కడ తెర మీద ఎర్ర చుక్క వెలుగుతుంది. చుక్క వెలిగిందంటే పిలుపు వస్తుంది.

భాయ్‌కి ఫస్ట్ స్టాప్‌లో ఆగినందుకు పిలుపు వచ్చింది. కొత్త మేనేజరు ఏ దేశంవాడో చెప్పను. చెబితే మీ కోపం ఆ దేశం మీదికి పోతుంది, నాకు అది అక్కర్లేదు. ఆయనకి ఇంగ్లీషు తప్ప రాదు, భాయ్‌కి ఇంగ్లీషు అంతంత మాత్రం. దొర దగ్గర తిట్లు తిని నేర్చుకున్న ఇంగ్లీషు నాకు ఉంది గనక నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. తెర మీద బొమ్మ చూపించారు. భాయ్ బండి నీడన గొంతుక్కూర్చుని కప్పు పట్టుకుని ఉన్నాడు. అంతకు ముందు అతను బెల్టులు బిగించిన ముక్క చూపించలేదు.

"బెల్టు లూజ్ అయ్యుండె అని చెప్పన్నా. బిగిచ్చినాకే తాగినా" అన్నాడు భాయ్.

నేను చెప్పాను. మేనేజరు తల అడ్డంగా ఊపాడు. కట్టడం లోడింగ్ వాళ్ల పని, నీ పని నడపడం, ఎవరి పని వాళ్లు చేయాలి అన్నాడు. మెత్తగా, నవ్వుతూ అన్నాడు. దొర తిట్టినా నాకు ఇంత కోపం రాలేదు. భాయ్‌కి వార్నింగ్ ఇచ్చారు. నా బండీ అలాగే ఆగుతోందని నాకూ ఒకటి ఇచ్చి, నన్ను సువైక్ వైపు కంటెయినర్లకి మార్చారు. మూసి ఉన్న పెట్టెలవి, బెల్టుల గొడవ లేదు. రోడ్డు కూడా చదును. భాయ్‌ని మాత్రం కొండదారిన ఖురియాత్ మీదుగా పోయే పైపుల ట్రిప్పుల్లోనే ఉంచారు.

అతను మళ్లీ ఆపాడు, మళ్లీ పిలిచారు. ఇంకోసారి ఆపితే వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తామని ఆ రోజు నా నోటితోనే చెప్పించారు. అతని కూతురు కర్నూలులో ఫార్మసీ చదువుతోంది, అది పూర్తయ్యేదాకా తను ఇక్కడ ఉండి తీరాలి. ఆ సంగతి నాకు తెలుసు. ఆ మర్నాటి నుంచి భాయ్ ఫ్లాస్కు రూమ్‌లోనే వదిలేసి పోవడం మొదలుపెట్టాడు.

ఖురియాత్ రోడ్డులో కొండ దిగేచోట జరిగింది. బాగా ఎండెక్కిన పూట. తర్వాత ఆసుపత్రిలో నాకు అతనే చెప్పాడు. అద్దంలో చూస్తే బెల్టు కొస ఒకటి గాలికి కొట్టుకుంటూ కనిపించిందట. ఎదర వెడల్పాటి జాగా కూడా ఉంది.

"కాలు బ్రేకు మీదికి పోయిందన్నా. అంతలోనే కన్ను కెమెరా మీదికి పోయింది. కింద బంకు కాడ ఆపొచ్చులే అనుకున్యా. అది ప్లాన్‌లో ఉండాది గదా."

బంకు దాకా పోలేదు. మలుపులో పైపులు ఒక పక్కకి జరిగాయి. బండి ఒరిగిపోతుంటే లోయవైపు పోనివ్వకుండా కొండవైపు తిప్పి, రాతికి రాసుకుంటూ తీసుకుపోయి ఆపాడు. పైపులు రోడ్డంతా దొర్లాయి. వెనక ఒక కారులో పిల్లలతో ఒక కుటుంబం వస్తోంది. వాళ్ల బంపరు ముందు దాకా వచ్చి పైపు ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. భాయ్‌కి మాత్రం భుజం ఎముక విరిగింది. చేపల పికప్‌లో పోతున్న ఒక ఒమానీ పెద్దాయన అతన్ని క్యాబిన్‌లోంచి లాగి, నీళ్లు తాగించి, ఐసు పెట్టెల పక్కన కూర్చోబెట్టుకుని ఖురియాత్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడట కూడా. కంపెనీ నుంచి మనిషి మర్నాడు వెళ్లాడు.

భాయ్ ఆసుపత్రి నుంచి వచ్చాక విచారణ పెట్టారు. చేతికి పట్టీతో అతను, మధ్యలో నేను, ఎదురుగా అదే మేనేజరు. ఈసారి ప్రశ్నలు నాకే వేశాడు. ఈ కంపెనీలో ఫస్ట్ స్టాప్ అనే పాత పద్ధతి ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఇతనికి ఆ పద్ధతి తెలుసా అన్నాడు. మా అందరికన్నా బాగా తెలుసు అన్నాను. అలా అంటే భాయ్‌కి మేలవుతుందనుకున్నాను.

"మరి తెలిసీ ఎందుకు ఆపలేదు?" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. "మీరు ఆపనివ్వలేదు గనక" అన్నాను. ఇది భాయ్ జవాబు కాదు, నా జవాబు. మేనేజరు తొణకలేదు. మేం ఆపొద్దని ఎప్పుడూ అనలేదు, ప్లాన్ లేకుండా ఆపొద్దన్నాం, ప్రమాదం కనిపిస్తే ఆపడం డ్రైవరు బాధ్యతే కదా అన్నాడు. నిన్ను పిలిచింది మాటలు చేరవేయడానికి, వాదించడానికి కాదని కూడా అన్నాడు.

"ఏమంటాండాడన్నా?" అన్నాడు భాయ్.

నేను చెప్పాలి. నా నోటితో ఆ మాట అతనికి చెప్పాలి. "నువ్వు ఆపాల్సింది అంటున్నాడు" అన్నాను.

భాయ్ మేనేజరు వైపు గడ్డం ఎత్తి చూపాడు. "ఆపొద్దన్న్యది ఈయనే గదన్నా?" అన్నాడు. అది కూడా ఇంగ్లీషులో చెప్పాను. మేనేజరు వాచీ చూసుకున్నాడు.

ఎముక సరిగ్గా అతుక్కోకుండానే అతన్ని విమానం ఎక్కించారు. ఇప్పుడు ఊరి దగ్గర నాపరాళ్ల క్వారీలో టిప్పర్ తోలుతున్నాడు. గేరు మార్చినప్పుడల్లా భుజం నొప్పి పెడుతుందని మా ఆవిడతో చెప్పాడు, మందు అడగడానికి ఫోన్ చేసి. నాతో చెప్పలేదు. కూతురి చదువు సంగతి అడిగితే మాట మార్చాడు.

ఇదంతా అయ్యాక కంపెనీ ఏం చేసిందో తెలుసా? ఫస్ట్ స్టాప్ పెట్టింది! కొత్త భద్రతా కార్యక్రమమట. యార్డు గోడకి పచ్చటి బ్యానరు కట్టి, కేకు కోసి, ఫోటోలు దిగారు. తన ఆలోచనే అని పైవాళ్ల దగ్గర మేనేజరు మెప్పు కూడా పొందాడు. అందులోనూ ఒక మెలిక పెట్టారు. ఆగే చోటు మ్యాపులో ముందే గుర్తు పెడతారు, అక్కడే ఆగాలి. ఖురియాత్ రోడ్డుకి గుర్తు పెట్టింది ఎక్కడనుకున్నారు? కొండ దిగిన తర్వాత, ఆ బంకు దగ్గరే. ఎందుకంటే అక్కడ పార్కింగ్ బాగుంటుందట.

కొత్త డ్రైవర్లకి ఈ పాఠం చెప్పే పని నాకు అంటగట్టారు. పాతవాణ్ని, హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. సరే, బెల్టు కొట్టి చూడడమైనా నేర్పొచ్చు కదా అని ఒప్పుకున్నాను. మొదటి క్లాసులో తెర మీద మూడో బొమ్మ భాయ్ బండి. ఒరిగిన ట్రైలర్, రోడ్డు మీద పైపులు. తలుపు మీది బంగారు అక్షరాలు మసకచేశారు, కంపెనీ పరువు పోకుండా. కింద ఇంగ్లీషులో, డ్రైవరు ఆగి తనిఖీ చేయలేదు అని రాసి ఉంది. దాన్ని నేను హిందీలో చదివి వినిపించాలి. మేనేజరు వెనక కుర్చీలో కూర్చుని వింటున్నాడు.

నేను చదవలేదు. ఇంతలో ముందు వరసలోంచి జగిత్యాల మనిషి ఒకాయన చెయ్యెత్తాడు. సౌదీలో చాలాకాలం తోలి వచ్చినవాడు, నెరిసిన మీసం. నేను తెలుగువాణ్నని తెలిసి తెలుగులోనే అడిగాడు.

"అన్నా, ఒక్క ముచ్చట జెప్పు. బెల్టు కొండ మీదనే లూజ్ అయినట్టు కనవడ్డది, పక్కన జాగ గూడ ఉన్నది, గని మ్యాపుల లేదు. ఆపాల్నా, ఆపొద్దా?"

ఏమడుగుతున్నాడని మేనేజరు వెనక నుంచి అడిగాడు. చెప్పాను. ముందు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి అన్నాడు. ఆ కొండల్లో ఫోన్ సరిగా పలకదని ఆ దారిన ఒక్కసారి పోయిన ఎవరికైనా తెలుసు. గది అంతా నా వైపు చూస్తోంది.

మేనేజరుకి అర్థం కావాలని ముందు ఇంగ్లీషులోనే అన్నాను. తర్వాత హిందీలో, ఆ తర్వాత జగిత్యాల ఆయన మొహం చూసి తెలుగులో. "ఆపు. దిగి బిగించు. ఎవడైనా అడిగితే నేను చెప్పానని చెప్పు. ఈ బండి తోలినవాడు రెండుసార్లు ఆపాడు. ఆపినందుకు భయపెట్టారు గనక మూడోసారి ఆపలేదు. ఇక్కడ రాసింది అబద్ధం."

తెర ఆపేశారు. మధ్యాహ్నం నన్ను పిలిచి రెండో వార్నింగ్ ఇచ్చారు. భద్రతా నియమాలకు విరుద్ధంగా బోధించానట. మా ఆవిడ ఆసుపత్రి జీతం ఉంది గనక మా ఇంట్లో పొయ్యి ఆరదు. ఆ ధైర్యం భాయ్‌కి లేదు.

ఆ వారంలోనే జగిత్యాల ఆయన ఖురియాత్ కొండ మీద బండి ఆపాడు. ఎర్ర చుక్క వెలిగింది, పిలిచారు. ఎవరు ఆపమన్నారని అడిగితే, తడుముకోకుండా నా పేరు చెప్పాడు. ఆ మీదట నన్ను కూడా పిలిచి, ఆపమని చెప్పావా అని అడిగారు. చెప్పానన్నాను. మా ఇద్దరినీ ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. బెల్టు వదులుగా ఉందా అని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.