మా బావ గెలిచిన వాదన

మా బావ ప్రెషర్ కుక్కర్లు, గ్యాస్ స్టవ్‌లు బాగుచేస్తాడు. చేస్తాడని దుకాణం బోర్డు మీదైతే రాసుంది. రబ్బరు రింగు మార్చమని ఎవరైనా కుక్కర్ తెస్తే చాలు, మూత చేత్తో పట్టుకుని "మీరు రక్షణ పొందారా?" అని మొదలుపెడతాడు. పొందామంటే ఇంకా ప్రమాదం. బాప్తిస్మం ఎక్కడ, ఎవరి చేత, ఏ పేరున, ఎంత లోతు నీళ్లలో అని ఆరా తీస్తాడు. మోకాటి లోతంటే మొహం మాడ్చుకుంటాడు. పొయ్యి మీద కూర వదిలేసి వచ్చిన ఇల్లాలు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నా ఆయనకి పట్టదు. మాటకో బైబిలు వచనం అప్పజెబుతాడని జనం వెనకాల "వచనాలాయన" అని నవ్వుకుంటారు. ఆయన దాన్ని బిరుదనుకుంటాడు.

ఈ మహానుభావుణ్ని కట్టుకున్నది మా అక్క. పెళ్లయిన మరుసటేడే కొడుకు పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఆసుపత్రిలో గాజుపెట్టెలోంచి బయటికి రాకుండానే పోయాడు. చివరి గడియలో మా పాత పాస్టరుగారు వచ్చి వాడి నుదుటి మీద నాలుగు నీటిచుక్కలు చల్లి, "ఏడవకమ్మా. వీడు దేవుడి దగ్గరే ఉంటాడు. నువ్వు వెళ్లినప్పుడు చూసుకుంటావు" అన్నారు. మళ్లీ పిల్లలు పుట్టలేదు. ఆ ఒక్క మాట పట్టుకునే మా అక్క ఇన్నేళ్లూ బతికింది.

బావకి ఆ మాట భలే పనికొచ్చింది. కొన్నాళ్లకి చర్చి మారాడు. నీళ్లు చల్లడం చెల్లదట, నిండా మునగాలట. అక్కకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం, చన్నీళ్లు తగిలితే ఊపిరాడదు. నావల్ల కాదు మొర్రో అంటే, "అయితే పైకెళ్లి కొడుకుని చూడాలని లేదా?" అన్నాడు. మునిగింది. ఆ తర్వాత ఇంకో చర్చి. ముంచేటప్పుడు పలికిన పేరు తప్పట! మళ్లీ అదే మాట, మళ్లీ మునక. మూడోసారి, తొట్టినీళ్లు పనికిరావు, పారే నీళ్లే కావాలని ఏటికి తీసుకెళ్లాడు. అక్క తిరిగొచ్చి మందు పీల్చుకుంటూ మంచాన పడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అక్కా, ఈయన నిన్ను వేళకి ముందే పైకి పంపేలా ఉన్నాడే" అన్నాను.

"పోనీలేవే" అని ఆయాసపడుతూనే నవ్వింది. "ఏది నిజమో మనకేం తెలుసు? ఎందుకైనా మంచిది. వాణ్ని చూడాలి కదా!"

పోయిన నెల బావకి సరైన జోడీ దొరికాడు. కుట్టుమిషన్ల దుకాణం ఆయన. నమ్మితే చాలు, నీళ్లతో పనిలేదంటాడు. దొందూ దొందే. ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లో ఇద్దరికీ చెరో మైకు పెట్టారు. దేవుడి మాట విందామని ఎవరూ రాలేదు, ఎవరు ఎవరి నోరు మూయిస్తారో చూద్దామని వచ్చారు. అక్కా, నేనూ ఆడవాళ్ల వైపు ముందు బెంచీలో కూర్చున్నాం. బైబిలు మూలభాష గ్రీకులో బాప్తిస్మం అన్న మాటకి అర్థం ఇదంటే కాదు అదని ఇద్దరూ గంటసేపు అరుచుకున్నారు. గ్రీకు ఇద్దరికీ అక్షరం ముక్క రాదు.

చివరికి కుట్టుమిషన్లాయన లేచి నిలబడ్డాడు. "బాప్తిస్మం లేనిదే రక్షణ లేదంటారు. పసిపిల్లలకిచ్చిన బాప్తిస్మం చెల్లదంటారు. మరి పోయిన పసిబిడ్డ ఎక్కడున్నట్టు? చెప్పండి సార్!"

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దేవుడికే తెలుసని ఒక్క మాట అంటే సరిపోయేది. అలా అంటే వాదనలో ఓడిపోతాడు. బావ మా బెంచీ వైపు ఒకసారి చూశాడు. చూశాడు, నేను కళ్లారా చూశాను. తర్వాత మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"వాక్యం ఎవరి కోసమూ మారదు. నా సొంత కొడుకే అలా పోయాడు. వాడు నరకంలోనే ఉన్నాడు. తండ్రిని కదా అని సత్యాన్ని వంచమంటారా?"

హాలంతా చప్పట్లు! ఛీ, ఏం జనమో! పసిగుడ్డు నరకంలో ఉన్నాడంటే చప్పట్లు కొట్టారు. కుట్టుమిషన్లాయన మైకు కింద పెట్టి కూర్చున్నాడు. అక్క లేచి బయటికి నడిచింది, నేను వెనకాలే పరిగెత్తాను.

సాయంత్రం బావ వెలిగిపోతున్న మొహంతో ఇంటికొచ్చాడు. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"చూశావా, ఎలా నోరు మూయించానో!"

"వాడు నిజంగా అక్కడే ఉన్నాడంటారా?" అంది అక్క.

"నమ్మకపోతే అంతమందిలో అంటానా?"

"మరి వాణ్ని చూపిస్తానని నన్ను మూడుసార్లు ముంచారే!"

బావ బైబిలు చేతికి తీసుకున్నాడు. ఏదో అనబోయేలోపే అక్క చేతిలో చీర పక్కన పెట్టింది.

"మీరు పరలోకానికే వెళ్లండి. నాకొద్దు. నేను వాడి దగ్గరికి పోతాను. చంటిపిల్లాడు, అక్కడ ఒక్కడే ఎలా ఉంటాడు?"

బావ కుర్చీ లాక్కుని కూర్చుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని, "అలా అనడానికి ఆధారం ఏ వచనంలో ఉందో చూపించు" అన్నాడు.