గురి మీద ఆకురాయి

మనవరాలు వసారాలో కూర్చుని గోళ్ళు రాపుకుంటోంది. ఆ కరకర వినలేక "చాలించవే తల్లీ!" అని కసిరాను. పిల్ల బిక్కమొహం వేసింది. పాపం, దానికేం తెలుసు? ఆ చప్పుడు వింటే నేను కమలాపురం దగ్గర మా అత్తవారింట్లో పడతాను, ఇంకా తెల్లవాళ్ళు ఏలుతున్న రోజుల్లో.

మా మామగారికి ఒక చవకరకం రివాల్వరు ఉండేది. తూటాలు చిక్కుడు గింజలంత. దానికన్నా దాని లైసెన్సు కాగితమే దర్జాగా ఉండేది. గొట్టం కొసన నిలబడిన చిన్న రేకే దాని గురి. ఎత్తడానికీ దించడానికీ మర ఏదీ లేదు. కుండకు గురిపెడితే కుండ కింద మట్టి లేచేది. కోళ్ళు కూడా దానికి భయపడటం మానేశాయి. మేము కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. ఆయన పినతండ్రి కొడుకు, నాకు చిన్నమామ, ఎద్దులతో తోడే కపిల బావి నీళ్ళ వంతు దగ్గర మామగారిని నలుగురిలో తోసేసిన రోజున ఆ నవ్వు ఆగిపోయింది.

"వాని నొసట కొట్టకపోతే నేను మనిషినే కాదు" అన్నారు మామగారు. అన్నం ముట్టలేదు.

సన్నపు పని కదా అని కంసాలి ఆచారిని పిలిపించారు. ఆచారి ఆకురాయితో ఆ రేకును కాస్త రాపడం, మామగారు కాల్చడం. మూడోసారి కుండ పగిలింది. మెరుపు కనబడకుండా ఆచారి రేకుకు దీపం మసి పూశాడు. బంగారం పొడి అప్పగించే అలవాటు కాబోలు, రాలిన ఇనుప పొడిని కూడా కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చాడు.

"ఇనుమప్పా అది!" అని మామగారు విసుక్కున్నారు.

"ఇంటి సొత్తు ఇంటికే చేరల్ల కదా!"

ఇంకా రాపితే ఏమవుతుందని నేను మెల్లగా అడిగాను. "గుండు ఇంకా పైకి పోతాదమ్మా. శానా రాపితే నెత్తి మీదనించి పోతాది. తీసిన ఇనుము మళ్ళా అతకదు" అన్నాడు. మర్నాడు వచ్చి రివాల్వరు పిడి బిగిస్తానని ఆకురాయి మా ఇంట్లోనే పెట్టిపోయాడు.

ఒకడు చస్తే రెండు ఇళ్ళు ఆరిపోతాయి. ఉరికంబం మామగారికి, కత్తి మా ఇంటాయన చేతికి. నాకు అంతే తోచింది. మధ్యాహ్నం మామగారు కునుకు తీస్తుంటే ఆ రేకును సగానికి రాపాను. మసి పూశాను. పొడిని అదే పొట్లంలో కలిపాను. దగ్గరి చూపు ఆనని మామగారు కనిపెట్టలేదు.

రెండు రోజులకు బావి దగ్గర పేలింది. చిన్నమామ తలపాగా ఎగిరిపడింది, తల మిగిలింది. ఆయన పాగా దులిపి, మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంట్లో టెంకాయ కొట్టాను.

మరుసటి ఏడు కడప దారిలో చిన్నమామ మనుషులు మా బండి ఆపారు. బండిలో ఉన్నది మా ఇంటాయన. నరికేశారు.

"ఆ ఆచారి చేతగానితనానికి నా కొడుకు పాయ" అని మామగారు బతికినన్నాళ్ళూ అన్నారు. ఊళ్ళో ఆచారికి పని ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఒకసారి ఎదురుపడి "నేను సరిగ్గానే రాపినా కదమ్మా, కుండ పగిల్యా కదా" అన్నాడు. నేను తల వంచుకుని నడిచాను. సిగ్గులేని దాన్ని.

ఆ పొట్లం ఇంకా నా పెట్టెలో ఉంది. మామగారు, ఆచారి, చిన్నమామ, ఇన్నేళ్ళలో కాలం అందరినీ అరగదీసేసింది. ఆ పొడి మాత్రం చిటికెడు కూడా తరగలేదు.