కీర్తన రిపోర్టులో మొదటి పేజీ

2023 వానాకాలం. రాజమండ్రిలో పిల్లల సైకాలజిస్టుగా పనిచేస్తూ, వారానికోసారి నరసాపురంలో ఒక అద్దె గదిలో పరీక్షలు చేసేవాణ్ణి. ఆ రోజు సువార్త గారు తొమ్మిదేళ్ళ కూతురు కీర్తనను తీసుకొచ్చారు. ఆవిడ ఇంట్లో లేసు అల్లుతారు.

“పేపర్లు తప్పుతోందని, ఐక్యూ సగటు కన్నా పైనుంటేనే మా స్కూల్లో ఉంచుకుంటాం అన్నారండి. మీరు రాసేదాన్ని బట్టేనండి అంతా.”

ఐక్యూ పరీక్ష నిజానికి ఒక్క పరీక్ష కాదు. మాటలతో ఆలోచించడం, బొమ్మలతో తర్కించడం, విన్నది కాసేపు గుర్తుంచుకోవడం, చూసినదాన్ని వేగంగా దించడం. వీటిని విడివిడిగా కొలిచి, చివర్లో కలిపి ఒక నంబరు ఇస్తారు.

పిల్ల బెరుకు పోవడానికి ముందు ఊరికే ఒకటి అడిగాను. “ఏరు దాటించే పంటుకీ, వంతెనకీ పోలికేంటి?”

“రెండూ భయపడేవాళ్ళ కోసమేనండి. భయం లేనోళ్ళు ఈదుకుంటూ పోతారు.”

మాటల భాగంలో ఆమెకు వచ్చినంత స్కోరు నేను అరుదుగా చూశాను. తర్వాత కోడింగ్: గుర్తుల్ని చూసి గబగబా గడుల్లో దించాలి. బయట పంటు కూత వినబడగానే తల అటు తిరిగింది. మళ్ళీ కాగితం మీదికొచ్చాక, ఒక గుర్తు వంకరైందని గోటితో గీకడం మొదలుపెట్టింది. సమయం కరిగిపోతోంది. మధ్యలో తొందరపెట్టే వీల్లేదు. నా అరచేతులు చెమర్చాయి.

“రబ్బరు ఇవ్వరాండి?”

“ఇవ్వకూడదమ్మా.”

“అయితే నాకు బుర్ర లేదని రాస్తారా?”

మొత్తం కలిపితే నంబరు మామూలుగా, సగటుగా వచ్చింది. అదీ, గుర్తు గీకిన సంగతీ వినగానే సువార్త గారి మొహం పాలిపోయింది. “నా వల్లేనండి. కుట్టు తప్పితే లాగేసి మళ్ళీ అల్లాలని దానికి నూరిపోశాను.”

అదొక్కటే కాదని చెప్పాను. టీచర్లు, ఇంట్లోవాళ్ళు నింపిన ప్రశ్నావళులు రెండూ ఏడీహెచ్‌డీ అనే, ధ్యాస నిలవని స్థితి వైపే చూపించాయి. ఐక్యూ పరీక్షతో అది తేలదు. తర్వాత రాజమండ్రిలో పిల్లల సైకియాట్రిస్టు చూసి నిర్ధారించారు. తెలివి ఆ లోపాన్ని కప్పింది, లోపం తెలివిని కప్పింది. భాగాల మధ్య అంత తేడా ఉన్నప్పుడు, కలిపిన నంబరు పిల్ల గురించి ఏమీ చెప్పదు.

ఆ సంగతి నాకు తెలుసు. స్కూలుకి? నంబరు మొదటి పేజీలో కనబడితే రెండో పేజీ ఎవరూ తిప్పరని భయం పట్టుకుంది. అందుకే మొదటి పేజీలో భాగాల్ని విడివిడిగా పెట్టి, కలిపిన నంబరును రెండో పేజీకి మార్చి, దాన్నెందుకు నమ్మకూడదో వాటి కిందే రాశాను. రిపోర్టు పట్టుకుని తల్లీకూతుళ్ళతో నేనూ స్కూలుకి వెళ్ళాను.

హెడ్‌మిస్ట్రెస్ మొదటి పేజీ చూశారు. “బాగుందండీ. ఇంతకీ నంబరెంత?”

“నంబరు అందులోనే ఉంది మేడమ్. ముందు పాప తప్పిన సైన్సు పేపర్లోంచి ఒక ప్రశ్న నోటితో అడగండి.”

ఆవిడ అడిగారు: “చెమట ఎందుకు పడుతుంది?”

కీర్తన తలెత్తి తిరుగుతున్న ఫ్యాను వైపు, తర్వాత అమ్మ వైపు చూసింది. సువార్త గారు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు, ప్రార్థన కాబోలు. నేనే పిల్లను ముంచేశానా అనిపించింది.

“ఒళ్ళు చల్లబడటానికండి,” అంది చివరికి. “మరి ఇప్పుడు ఫ్యాను కింద కూడా అమ్మకి చెమట పడుతోందేంటండి? భయానికీ పడుతుందని పుస్తకంలో రాయలేదు.”

హెడ్‌మిస్ట్రెస్ సువార్త గారి వైపు చూశారు. పేజీ తిప్పి నేను రాసిన సూచనలు చదివారు. “ఎక్కువ సమయం, కిటికీకి దూరంగా సీటు, నోటి జవాబులు... సరే, ఈ టర్మ్ చూద్దాం.”

ముందు ఆ ఒక్క టర్మే దక్కింది. తర్వాత మరొకటి. ప్రతిసారీ సువార్త గారు ఫోన్ చేసి, “ఉంచారండి,” అని మాత్రం చెప్పి పెట్టేస్తారు.

పరీక్ష సరిగ్గా చేయడం సగం పనేనని కీర్తన వల్ల తెలిసింది. ఇప్పుడు ఏ రిపోర్టయినా రాసేముందు, దీన్ని ముందు ఎవరు చదువుతారు, ఏ పేజీ దగ్గర ఆగిపోతారు అని అడుగుతాను. అయినా నంబరు రాసే గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. నా దగ్గరా రబ్బరు ఉండదు.