అమ్మ చేత కల్లు మాన్పించిన మూడు రోజులు

ఎం.ఫార్మసీలో నాది ఫార్మకాలజీ. మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో చదవడమే పని. నిద్రమాత్రల మీద పరీక్ష రాసి, ఆ ఊపులోనే సెలవులకు పాలకుర్తి దగ్గరి మా ఊరికి వచ్చాను. వచ్చీ రాగానే అమ్మ మీద పడ్డాను.

పత్తి ఏరి వచ్చాక అమ్మ రోజూ ఒక సీసా కల్లు తాగేది. మా వాడలో ఆడవాళ్లంతా తాగుతారు, అది తప్పని ఎవరికీ తోచదు. అందులో నిద్రమాత్రల పొడి కలుపుతారని కూడా అందరికీ తెలుసు. ఊళ్లో ఉన్న చెట్లకు, అమ్ముడుపోయే సీసాలకు పొంతనే ఉండదు మరి!

"అమ్మా, గది కల్లు గాదు, మందు. నీ మెదడు ఖరాబైతది. ఇయ్యాల్టి సంది బందు," అన్నాను.

అమ్మ నవ్వింది. "సదువుకున్నదానివి, నువ్వు చెప్పినంక ఇంకేముంది బిడ్డా! బంజేస్త తియ్యి."

నాకెంత గర్వంగా అనిపించిందో! మర్నాడు "నిద్ర పట్టిందా?" అని అడిగితే "మంచిగ పట్టింది" అంది. రెండో రోజు చాయ్ గ్లాసు చేతికి ఇస్తే అందుకోకుండా కింద పెట్టమంది. చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది. చలేమో అనుకున్నాను. అలవాటైన మందును ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే వణుకు, చెమట, ఫిట్స్ వస్తాయి, కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇదంతా పరీక్షలో వరుసగా రాసి మార్కులు తెచ్చుకున్న మొద్దును నేను.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ వాకిట్లో పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ. పక్కింటి అక్క వచ్చి అమ్మ చేతిలో తాళంచెవులు పెట్టబోతే వద్దని అరిచి, అమ్మను పక్కకు తిప్పి పట్టుకున్నాను. ఆటోలో జనగామ దవాఖాన చేరేదాకా అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. చచ్చిపోతుందనే అనుకున్నాను. నా చేతులతో నేనే చంపుకున్నానని దారంతా ఏడ్చాను.

"కల్లు తాగుతదా?" అంది డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ.

"తాగేది మేడమ్. బంజేసి మూడు రోజులైంది."

"ఎవరు బంజేయమన్నరు?"

"నేనే."

"ఏం చదువుతున్నవ్?"

చెప్పాను. ఆమె నర్సును పిలిచి సూది తెమ్మంది. తిట్టినా బాగుండేది. కల్లులో కలిపే నిద్రమాత్రల జాతి మందే సూది ద్వారా ఇచ్చి, తర్వాత రోజురోజుకూ తగ్గిస్తూ వాడాలని మాత్రలు రాసింది.

మరుసటి రోజుకు అమ్మ తేరుకుంది. నేను మంచం పక్కనే ఉన్నాను. "చేతులు వణుకుతుంటే జర ముందే చెప్పాలె గదా అవ్వా," అని డాక్టరమ్మ కసిరింది.

అమ్మ ఒకసారి నా వైపు చూసి గొంతు తగ్గించింది.

"మొదటి రోజు సందే పాణం ఆగమాగమైంది మేడమ్. చెప్తే మా బిడ్డ సదువు తప్పయితదని ఓర్సుకున్న."