తెగిన పోగూ, ఆగిన బిల్డూ

మొన్న వనపర్తిలో మా ఇంట్లో, మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఏదో బిల్డ్, అంటే రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా కట్టే పని, ఆగిపోతే, ఎక్కడ ఆగిందో కూడా చూడకుండా అంతా చెరిపేసి, మళ్ళీ మొదటినుంచి నడిపించి, టీ పెట్టుకోవడానికి వెళ్ళింది. నాకు మాత్రం కాలు నిలవక వీధి చివరిదాకా పోయి వచ్చాను.

ఆ నడక నాకు ఏళ్ళకిందట గద్వాలలో, అక్క ఇంట్లో ఉన్నప్పుడు అంటుకుంది. మాది నేతింటి పుట్టుక. అక్క మొగుడు, మా బావ, పట్టంచు చీరలు నేసేవాడు. ఒక పెద్దంచు నమూనా గళ్ళమీద గీసి మర్నాడు షావుకారుకు చూపించాలి, లేకుంటే ఆ పని పక్క మగ్గానికి పోతుంది. గీయడానికి ఊరికే దొరికే జావా ప్రోగ్రాం ఒకటి నేను వెతికి పెట్టాను గానీ, అంత వెడల్పు అంచంటే అది మొరాయించేది. రాసినవాళ్ళు ఆ లోపాన్ని సోర్స్ కోడ్‌లో సరిచేశారు, తయారైన ప్రోగ్రాం మాత్రం ఇంకా నెట్‌లో పెట్టలేదు. కోడ్ దించుకుని మనమే బిల్డ్ చేసుకోవాలి. దానికి కావలసిన లైబ్రరీలు, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్ ముక్కలు, నెట్‌లోంచి దిగాలి. మా నెట్ ఎంత నిదానమంటే, ఫైలు బయలుదేరాక నేను బిజినేపల్లిలో పెళ్ళిభోజనం చేసి వచ్చినా అది ఇంకా దారిలోనే ఉండేది.

సగంలో నెట్ తెగింది. మా ఇళ్ళలో పోగు తెగితే తెగినచోటే అతుకుతారు. చీర ముగిసినా పాత పడుగు కొసలకే కొత్త పడుగు అతుకుతారు తప్ప, ఉన్నది పారేయరు. నేనూ అట్లాగే, దిగినంత ఉంచుకుని మళ్ళీ మళ్ళీ నడిపించాను. ప్రతిసారీ అక్కడే ఆగేది. నేను లేచి తిరిగేవాణ్ణి. ఆ రోజు నడిచిన నడకకు ఉప్పునుంతల దాటి అడవిలో పడి ఉండాలి.

“జర కూసోరా, నిన్ను జూస్తే నాకే పరేషాన్ అయితుంది,” అంది అక్క.

“ఏంది బామ్మర్దీ, నీ మగ్గం నడుస్తలేదా? పోగు నన్ను అతకమంటవా?” అన్నాడు బావ, మగ్గం గుంతలో కూర్చుని తల ఎత్తకుండానే.

పొద్దు వాలుతుండగా, తెరమీద పడిన ఎర్ర అక్షరాలు నింపాదిగా చదివాను. సగం దిగిన ఫైలొకటి పాడై కూర్చుంది. దాన్నే పట్టుకుని అతుకుతున్నాను. దిగినవన్నీ చెరిపేశాను. నిండు పడుగుకు కత్తెర పెట్టినట్టే అనుకుని, మళ్ళీ మొదటినుంచి దించడం మొదలుపెట్టాను. కోడి కూసేవేళకు బిల్డ్ గట్టెక్కింది.

“అయిందా? ఇంతకు ఏం నేసినవ్?” అన్నాడు బావ.

అంచు గీశాం, పని మా మగ్గానికే దక్కింది. బావ మగ్గంమీద ఇవాళున్న పడుగు, అతుకు వెనక అతుకుగా, వెనక్కి ఆ పెద్దంచు చీరదాకా పోతుందని నేను అందరికీ చెబుతుంటాను, ఎవరూ నమ్మరు. నేను కట్టిన ప్రోగ్రాం మాత్రం ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనూ లేదు. మా అమ్మాయి బిల్డ్ టీ మరిగేలోగా అయిపోయింది. ఎదురుచూడటానికి ఏమీ మిగలకపోయినా, నా కాళ్ళు ఊరికే వీధి కొలిచి వచ్చాయి.